రిజైన్ చెయ్యమంటున్నారు, నలుగురమూ నలభై అయిదు దాటినవాళ్లమే. వయసుల లిస్టు మనమూ అడగొచ్చా?

గంటస్తంభం సెంటర్ (విజయనగరం):

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిక పట్టండి. రెండు రాత్రులుగా నిద్ర లేదు.

2009 ఆగస్టులో హైదరాబాదులో ఒక అమెరికా కంపెనీ ఆఫీసులో చేరాను, పేరు వద్దు. కరోనాలో ఊరొచ్చేశాక మళ్లీ వెనక్కి రమ్మనలేదు. అప్పట్నుంచి విజయనగరంలోనే మా ఇంట్లో మేడ మీద గదిలో కూర్చుని పని చేసుకుంటున్నాను. మొన్న మంగళవారం సాయంత్రం పావుగంట మీటింగ్ అని లింకు వచ్చింది. మా మేనేజరు (33 ఏళ్ల కుర్రాడు, మంచివాడే, ఆ రోజు మాత్రం కెమెరా ఆపేసి మాట్లాడాడు), ఇంకో డబ్బాలో హెచ్ఆర్ అమ్మాయి. మీ రోల్ ఇక అవసరం లేదండీ, శుక్రవారంలోగా పోర్టల్‌లో మీరే రిజిగ్నేషన్ పెట్టేయండి, రెండు నెలల జీతం ప్యాకేజీ ఇస్తాం, పెట్టకపోతే టర్మినేట్ చెయ్యాల్సి వస్తుంది, రిలీవింగ్ లెటర్‌లో ఆ మాటే పడుతుంది, తర్వాత మీకే కష్టం అన్నారు. ఆరు నిమిషాల్లో అయిపోయింది. పదహారేళ్ల ఉద్యోగం. కింద మా అమ్మ టీవీ చూస్తోంది, ఆ సౌండు వినిపిస్తూనే ఉంది.

మా టీములో పదకొండు మందిమి. ఈ లింకు నలుగురికి వచ్చింది. ఆ నలుగురిలో అందరికన్నా చిన్నవాణ్ణి నేను, రికార్డుల్లో 47. మిగిలిన ఏడుగురిలో పెద్దాయనకి 36.

అసలు సంగతి ఇప్పుడు. మా బావ న్యూజెర్సీలో ఇదే కంపెనీలో చేసేవాడు, పోయిన నెల ఆయన్నీ తీసేశారు. ఆయనకిచ్చిన కాగితాల చివర ఒక పట్టిక ఉంది, వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. పేర్లు ఉండవు. ఉద్యోగం, వయసు, ఎంపికైనవారు ఎందరు, కానివారు ఎందరు, అంతే. (తీసెయ్యడానికి ఎంపిక! ఏదో ప్రైజు వచ్చినట్టు.) సీనియర్ అనలిస్ట్, 54, ఎంపికైనవారు 1, కానివారు 0. ఆ ఒకటి మా బావే. దాని పైన సీనియర్ అనలిస్ట్, 31, ఎంపికైనవారు 0, కానివారు 4. జూమ్ చేసి చూస్తే పేజీ మొత్తం అదే వరస.

నా ప్రశ్నలు ఏంటంటే, ఇలాంటి లిస్టు ఇండియాలో మనం అడగొచ్చా? బావకి ఇచ్చారు కదా, కంపెనీ ఒకటే కదా? రెండోది, బుధవారం హెచ్ఆర్ నుంచి ప్రొఫైల్ అప్‌డేట్ అని ఫారం వచ్చింది, పుట్టిన తేదీ, టెన్త్ పాసైన సంవత్సరం అడుగుతున్నారు, ఇప్పుడు ఇవెందుకు? నింపాలా మానాలా?

ఇంకో పిచ్చి ప్రశ్న కూడా ఉంది, నవ్వకండి. నా టెన్త్ సర్టిఫికెట్‌లో 1-7-1978 అని ఉంటుంది. అది నిజం కాదు. అన్నయ్యతో పాటు నన్నూ బడికి తీసుకెళ్తే, తల మీదుగా చెయ్యి వేస్తే చెవి అందుతోంది కదా అని మాస్టారు ఒకటో తరగతిలో కూర్చోబెట్టేసి, వయసు చాలడానికి జూలై ఒకటి అని రాసేశారు. మా అమ్మ లెక్కలో 80లో సిరిమాను పండగనాటికి నేను మూడో నెల బిడ్డని. అంటే ఇంకా 45. అది ఇప్పుడు సరిచేయించుకుంటే ఏమైనా ఉపయోగం ఉంటుందా?

శుక్రవారం అంటే రేపే.

—

ఎడిసన్‌లో బొబ్బిలోడు:

బావగారి పట్టిక గురించి నేను చెప్తాను, రెండేళ్ల క్రితం నేనూ అది అందుకున్నవాణ్ణే.

ఇక్కడ వయసు వివక్ష మీద 1967 నాటి చట్టం ఉంది, 40 నిండినవాళ్లకి వర్తిస్తుంది. 1990లో దానికి ఇంకొకటి కలిపారు. కేసు వెయ్యను అని సంతకం పెట్టించుకుని డబ్బులిచ్చి పంపించేటప్పుడు కంపెనీలు ముసలాళ్లని తొందరపెట్టి మోసం చేస్తున్నాయని తెచ్చిన చట్టం అది. ఇద్దరు అంతకన్నా ఎక్కువమందిని ఒకే దఫాలో పంపిస్తే ఆలోచించుకోవడానికి 45 రోజులివ్వాలి, సంతకం పెట్టాక కూడా 7 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు, లాయరుకి చూపించుకోమని కాగితం మీదే రాయాలి, ఎవరెవర్ని ఏ వయసువాళ్లని తీశారో, ఎవర్ని ఉంచారో ఆ పట్టిక ఇవ్వాలి. పట్టిక ఇవ్వకపోయినా తప్పుగా ఇచ్చినా వయసు కేసు విషయంలో ఆ సంతకం చెల్లదు. తీసుకున్న డబ్బు తిరిగివ్వకుండానే కేసు వేసుకోవచ్చని 1998లో సుప్రీం కోర్టు కూడా చెప్పింది. బావగారికి చెప్పండి, 45 రోజుల్లో ఒక్క రోజు కూడా ముందు సంతకం పెట్టొద్దని. అంటే కంపెనీ ప్రేమతో ఇచ్చిన కాగితం కాదు అది, ఇవ్వకపోతే వాళ్లకే నష్టం కాబట్టి ఇచ్చారు.

కానీ పట్టిక చూసి గెలిచేశాం అనుకోకండి. నేను లాయరు దగ్గరికెళ్తే ఆయన మొదట అడిగింది, నీ జీతమెంత అని. 54 ఏళ్లని తీశారా, ఎక్కువ జీతాన్ని తీశారా అని కోర్టు విడదీసి చూస్తుంది. సర్వీసు వేరు, వయసు వేరు అని 1993లోనే తీర్పు ఉంది. అయినా ఆ పట్టిక చేతిలో ఉంటే బేరానికి బలం వస్తుంది. నాకు ఇంకో రెండు నెలల జీతం అలాగే వచ్చింది.

ఇక మీ ప్రశ్న. ఆ చట్టం విజయనగరం దాకా రాదు తమ్ముడూ. అమెరికా కంపెనీ బయటి దేశాల్లో పెట్టుకున్న అమెరికా పౌరులకి వర్తిస్తుంది గానీ ఇండియాలో పనిచేసే ఇండియన్‌కి వర్తించదు. కంపెనీ ఒకటే, జెండా ఒకటే, చట్టం వేరు.

—

పైడిభీమవరం బి షిఫ్టు:

ఏటి బాబూ, రేపంటే రేపే రాసిచ్చేస్తావా? ముందు ఆ పోర్టల్ మూసెయ్.

నాది రణస్థలం దగ్గర ఊరు. మందుల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లు చేశాను. యాభై దాటినవాళ్లం తొమ్మిది మందిమి ఉండేవాళ్లం. ఒకరోజు మెడికల్ అన్నారు, రక్తం తీశారు, సుగరుందన్నారు. శ్రీకాకుళం జిల్లాలో యాభై దాటి సుగరు లేనోడు ఎవడండీ? మర్నాడు టైం ఆఫీసులో తెల్లకాగితం ముందు పెట్టి, ఆరోగ్య కారణాల వల్ల స్వచ్ఛందంగా మానుకుంటున్నాను అని రాయించారు. వాళ్లు చెప్తుంటే నా చేత్తో నేనే రాశాను, స్వచ్ఛందంగా అన్న మాటకి ఒత్తు ఎక్కడ పెట్టాలో కూడా ఆయనే చెప్పాడు. ఆరుగురం రాసిచ్చాం. ముగ్గురు రాయలేదు, ఏడ్చారు, బతిమాలారు గానీ రాయలేదు. ఆ ముగ్గురికీ నోటీసు జీతం, ఏడాదికి పదిహేను రోజుల చొప్పున పరిహారం లెక్కకట్టి ఇచ్చారు. మేం లేబర్ ఆఫీసుకెళ్తే ఆ అధికారి మా కాగితం చదివి, ఇది మీ రాతే కదా అన్నాడు. ఇంకేం చెప్తాం. గ్రాట్యుటీ ఒక్కటి వచ్చింది, అది ఎలాగూ మనదే.

వయసుల లిస్టు మన దగ్గర లేదు గానీ మనకి దానికన్నా మంచిది ఉండేది, ఈ ఆఫీసు ఉద్యోగాలవాళ్లకి తెలీదు. సీనియారిటీ లిస్టు. పాత 1947 చట్టంలో వర్కర్లని తగ్గించాలంటే ఆ పనిలో చివర్న చేరినోడిని ముందు పంపాలి. వేరేలా చేస్తే కారణం రాయాలి. ఆ చట్టం కింద కేంద్రం రూల్స్‌లో అయితే ఎవరెప్పుడు చేరారో లిస్టు రాసి ఏడు రోజుల ముందు నోటీసు బోర్డుకి అంటించాలి. ఇప్పుడు 2025 నవంబరు 21 నుంచి పాత చట్టం పోయి కొత్త కోడ్ వచ్చింది, ముందు వచ్చినోడు ఉండాలన్న మాట అందులోనూ ఉంది. మా యూనియన్ ఆయన చెప్పేవాడు, అమెరికావోడు వయసు దాచలేడు, మనోడు సర్వీసు దాచలేడు అని. నీ వయసు ఎవడికి కావాలి బాబూ, నీకు 2009 ఆగస్టు ఆర్డరు ఉంది. దాన్ని పట్టుకో.

—

రాజాం బీటెక్:

అంకుల్, మర్యాదగానే అడుగుతున్నా. చివర్న చేరినవాణ్ణి ముందు తీసెయ్యాలి అంటే ముందు పోయేది మా తలే కదా? నాకు 26. చేరిన పదకొండు నెలలకే తీసేశారు, ప్యాకేజీ లేదు ఏమీ లేదు, ఒక మెయిలు, సాయంత్రానికి ల్యాప్‌టాప్ లాక్. పీజీ అద్దె కట్టలేక ఇంటికొచ్చేశా. ఊళ్లో కనపడ్డ ప్రతివాడూ సెలవా అని అడుగుతాడు. పెద్దవాళ్లకి కనీసం పదహారేళ్లు సంపాదించుకున్న పీఎఫ్ ఉంటుంది. వయసు ఎక్కువైందని తీసేశారని మీరంటున్నారు, ఎక్స్‌పీరియన్స్ తక్కువని మమ్మల్ని తీసుకోవట్లేదు. మరి ఎవర్ని పెట్టుకుంటున్నారు?

—

పైడిభీమవరం బి షిఫ్టు:

నీ బాధ నిజమే నాయినా, కాదన్ను. కానీ నీకు పెళ్లి కాలేదు, నాకు అప్పటికి ఇద్దరు కాలేజీలో ఉన్నారు, ఆ రూలు పెట్టినోళ్లు చూసింది అదే. యాభై రెండేళ్ల హెల్పర్ని ఇంకో ఫ్యాక్టరీ తీసుకోదు. గేటు దగ్గర సెక్యూరిటీయే మొహం చూసి పంపించేస్తాడు.

—

ఒకప్పుడు హెచ్ఆర్:

పదేళ్లు హెచ్ఆర్‌లో చేసి, నన్నూ ఇలాగే పంపించేశాక ఇప్పుడు శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర కన్సల్టెన్సీ పెట్టుకున్నాను. ఈ నలుగురి లిస్టు ఎలా తయారవుతుందో చెప్తాను, నేను చేసినవే.

ఎక్సెల్ షీటు వస్తుంది పైనుంచి. ఉద్యోగి నంబరు, బ్యాండ్ (అంటే హోదా మెట్టు), సీటీసీ (ఏడాదికి ఆ మనిషి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు), చివరి రెండు రేటింగులు, క్లయింటుకి బిల్లు అవుతున్నారా లేదా. పుట్టిన తేదీ కాలమ్ ఉండదు, కావాలనే ఉండదు. ఇంత మొత్తం తగ్గించాలి అని కింద ఒక అంకె ఉంటుంది. మనుషులు ఎంతమంది అని కాదు, డబ్బు ఎంత అని. సీటీసీ మీద సార్ట్ కొడితే పైకి తేలేదంతా నలభై దాటినవాళ్లే. నలుగురు పెద్దవాళ్లని తీస్తే సరిపోయేచోట తొమ్మిదిమంది పిల్లల్ని తియ్యాలి కదా. రాజాం బాబుకి నా జవాబు కూడా ఇదే, నిన్ను తీసిన షీటు వేరు, అది బెంచ్ షీటు, క్లయింటు పని లేక ఖాళీగా ఉన్నవాళ్లది. మా మేడం ఒకావిడ ఆ షీటు చూసి, ఇదేంటి నా బ్యాచ్ అంతా ఇక్కడే ఉంది అంది. మరుసటి ఏడాది షీటులో ఆవిడ పేరూ ఉంది.

కాబట్టి ఫారం నింపినా నింపకపోయినా తేడా లేదు. మీ పుట్టిన తేదీ పీఎఫ్‌లో ఉంది, ఇన్సూరెన్స్‌లో ఉంది, పాన్‌లో ఉంది. ఫుల్ అండ్ ఫైనల్‌కి, అంటే మానేటప్పుడు చేసే చివరి లెక్కకి, వివరాలు సరిచూసుకోవడానికి పంపి ఉంటారు. ఉన్నది ఉన్నట్టు రాయండి, తప్పు రాస్తే మాత్రం వాళ్లకి ఇంకో కారణం దొరుకుతుంది. 1978ని 80 చేయించుకోవడం మర్చిపోండి. సర్వీసు చివర్లో పుట్టిన తేదీ మార్చమంటే అది హక్కు కాదని సుప్రీం కోర్టు ఎన్నోసార్లు చెప్పింది. పైగా దీనివల్ల ఇప్పుడు ఒరిగేదేమీ లేదు, 45 అయినా లిస్టులో మీరే చిన్నవారు. ఒక్క ఊరట, 58కి వచ్చే పీఎఫ్ పింఛను కాగితం మీది వయసు ప్రకారమే, మీకు రెండేళ్లు ముందే మొదలవుతుంది. మాస్టారి పుణ్యం. కొత్త ఉద్యోగానికి బయోడేటా పంపేటప్పుడు మాత్రం టెన్త్ సంవత్సరం తీసెయ్యండి, చివరి పన్నెండేళ్ల పని రాయండి చాలు. అది అబద్ధం కాదు, అడిగితే చెప్పండి.

చట్టం సంగతి. ప్రైవేటు ఉద్యోగంలో వయసు వివక్ష చేయకూడదనే ప్రత్యేక చట్టం మన దగ్గర లేదు. రాజ్యాంగం 15లో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఉన్నాయి, వయసు లేదు. 16 సర్కారు కొలువులకే. అందుకని వయసు వయసు అని మెయిల్లో రాసి లాభం లేదు, వాళ్లు షీటు తీసి సీటీసీ చూపిస్తారు. బి షిఫ్టు గారు చెప్పిందే దారి. అయితే ఒక మెలిక ఉంది. ఆ రక్షణ వర్కర్‌కే. మేనేజర్ పని చేసేవాళ్లకి లేదు, 18,000 పైన జీతమున్న సూపర్‌వైజర్లకీ లేదు. కానీ కోర్టు చూసేది హోదా కాదు, రోజూ ఏం పని చేస్తున్నారని. మీ కింద ఎవరైనా ఉన్నారా? సెలవులు మీరు మంజూరు చేస్తారా? పేరుకి లీడ్ అయి చేతికి కోడింగే అయితే వాదించొచ్చు. వర్కర్ కాదన్నా, ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ 1988 నాటి షాపులు, సంస్థల చట్టం ఉంది. ఆరు నెలలు దాటినవాళ్లని సరైన కారణం లేకుండా, నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వకుండా తియ్యకూడదు. మీ కంపెనీకి దీన్నుంచి మినహాయింపు ఉందేమో మాత్రం లేబర్ ఆఫీసులో కనుక్కోండి.

ఇప్పుడు మీ రెండు నెలల ప్యాకేజీ చూద్దాం. అపాయింట్‌మెంట్ ఆర్డరు తీసి నోటీస్ పీరియడ్ ఎంత ఉందో చూడండి. 60 రోజులు అని ఉందనుకోండి, వాళ్లిస్తున్నది ప్యాకేజీ కాదు, మీ నోటీసు జీతమే. మీ డబ్బుకి మీకే రిబ్బను కట్టి ఇస్తున్నారు. ఈ ట్రిక్కు నేనూ వేశాను, దేవుడు క్షమించాలి. గ్రాట్యుటీ దానికి బయట, రిజైన్ చేసినా తీసేసినా అయిదేళ్లు దాటాయి కాబట్టి రావాల్సిందే. లెక్కలోకొచ్చే జీతం నెలకి 60,000 అనుకుంటే, ఇంటూ 15, బై 26, ఇంటూ 16, సుమారు 5 లక్షల 54 వేలు. వర్కర్ అని తేలితే పరిహారం ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం. అదే 60,000 మీద సగం 30,000, పదహారేళ్లకి సుమారు 4 లక్షల 80 వేలు. రిజిగ్నేషన్ బటన్ నొక్కితే పోయేది ఇదే. ఎందుకు రిజైన్ చెయ్యమంటున్నారో ఇప్పుడు అర్థమైందా?

టర్మినేషన్ అని పడితే జన్మలో ఉద్యోగం రాదు అన్నది సగం బెదిరింపు. రోల్ లేకపోవడం వల్ల తొలగించాం అని రాస్తే ఏ కంపెనీ కూడా తప్పు పట్టదు, అది దుష్ప్రవర్తన కాదు కదా. ఆ వాక్యం ఎలా ఉండాలో మీరే అడగండి. ఇవాళే చిన్న మెయిల్ పెట్టండి, మీటింగ్‌లో ఏమన్నారో తారీకు, టైముతో రాసి, నేను స్వచ్ఛందంగా రాజీనామా చెయ్యడం లేదు, కారణం, లెక్క రాతపూర్వకంగా ఇవ్వండి అని. తిట్లు వద్దు, చట్టాల పేర్లు కూడా వద్దు. మీ పర్సనల్ మెయిల్‌కి కాపీ పెట్టుకోండి, ఆఫీసు ఫైళ్లు మాత్రం బయటికి పంపకండి.

మర్చిపోయా. ఇన్సూరెన్స్. కంపెనీ పాలసీ మీరు మానిన రోజుతో పోతుంది. అమ్మగారు అందులో ఉన్నారా? ఉంటే అది ఆగిపోకముందే అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారతామని దరఖాస్తు పెట్టండి. విడిగా కొత్తది తీసుకుంటే ముందునుంచి ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా ఆగమంటారు. నేను ఇది చెయ్యక మా నాన్నకి స్టెంట్ వేయించినప్పుడు ఇంటి మీద అప్పు చేశాను.

—

గంటస్తంభం సెంటర్:

ఆర్డరు వెతికాను. బీరువాలో పెళ్లి ఆల్బం కింద దొరికింది. నోటీస్ పీరియడ్ 60 రోజులు. కాసేపు అలా మంచం మీద కూర్చుండిపోయాను.

నా కింద ఎవరూ లేరండీ. పేరు టెక్నికల్ లీడ్, చేసేది రాత్రి తొమ్మిదింటికి వచ్చే రిపోర్టులు పడ్డాయా లేదా చూసుకుని పడకపోతే సరిచెయ్యడం. సెలవులు ఆ కుర్రాడే ఇస్తాడు నాకు.

మెయిల్ నిన్న పన్నెండింటికి పెట్టాను. ఒంటిగంటలోపు హెచ్ఆర్ అమ్మాయి ఫోన్. మెయిల్ ఎందుకు పెట్టారు సార్, మనం మాట్లాడుకుంటున్నాం కదా అంది. అదే మెయిల్లో పెట్టండమ్మా అన్నాను. పాపం కాసేపు మాట్లాడలేదు. సాయంత్రానికి రెండు లైన్లు వచ్చాయి, శుక్రవారం గడువు ప్రస్తుతానికి లేదు, లీగల్‌తో మాట్లాడి చెప్తాం అని. మిగిలిన ముగ్గురికీ ఫోన్ చేశాను. ఒకాయన బుధవారమే బటన్ నొక్కేశాడు, 52 ఏళ్లు, ఈ మార్చిలో కూతురి పెళ్లి, గొడవ వద్దనుకున్నాడు. మిగిలిన ఇద్దరూ ఆగారు. మేం ముగ్గురం ఎప్పుడు చేరామో రాసుకుంటే 2008, 2009, 2011. ఉంచిన ఏడుగురిలో అందరికన్నా ముందు చేరినాయన 2016.

అమ్మకి చెప్పక తప్పలేదు, ఇన్సూరెన్స్ కాగితాల మీద సంతకం కావాలి కదా. వయసని తీసేశారట అంటే, నీకు ఇంకా నలభై ఆరు కూడా నిండలేదురా, ఎవరు చెప్పారు వాళ్లకి అంది.

సోమవారం లేబర్ ఆఫీసుకి వెళ్దామనుకుంటున్నాను. హైదరాబాదు ఆర్డరు కదా, ఇక్కడ తీసుకుంటారా?

—

ఒకప్పుడు హెచ్ఆర్:

ఆర్డరు ఎక్కడిదో, పని ఎక్కడ చేస్తున్నారో రెండూ చూస్తారు. ఇంటి నుంచి చెయ్యమని కంపెనీ పంపిన మెయిల్ ఉంటే ప్రింటు తీసుకెళ్లండి. హైదరాబాదుకే వెళ్లమంటే ఎవరికి రాయాలో అక్కడే అడిగి తెలుసుకోండి. లాయరు ఖర్చుకి వెనకాడితే కోర్టుల దగ్గర జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఫోన్ 15100. వర్కర్లకి ఉచిత సహాయం అందులో ఉంది. రావాల్సిన జీతం తొలగించిన రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలని కొత్త వేతన కోడ్‌లో ఉంది, అది కూడా గుర్తుపెట్టుకోండి, నలభై అయిదు రోజులు పడుతుందండీ అంటారు, పాత అలవాటు.

—

రాజాం బీటెక్:

అన్నా, ఆ రాత్రి రిపోర్టులు ఇప్పుడు ఎవరు చూస్తున్నారు?

—

గంటస్తంభం సెంటర్:

నేనే. నిన్న రెండు పడలేదు, సరిచేసి పడుకున్నాను.

—

పైడిభీమవరం బి షిఫ్టు:

సోమవారం పొద్దున్నే వెళ్లు, పదకొండు దాటితే అధికారి ఫీల్డుకి వెళ్లిపోతాడు. ఆర్డరు ఒరిజినల్ వాళ్లకి ఇవ్వొద్దు. రెండు సెట్లు జిరాక్సు తీయించుకుని, ఒక సెట్టు మీద ముట్టినట్టు స్టాంపు వేయించుకురా.